చొక్కా కింద ముప్పావు కిలో

గన్‌మన్ అనగానే జనానికి గుర్తొచ్చేది సఫారీ డ్రెస్సు. నాయకుడి కారు ఆగీ ఆగకముందే ముందు సీటులోంచి దిగే మనిషి, బూడిదరంగు సఫారీ, నల్ల బూట్లు. దర్జా కోసం కుట్టించుకున్నామని అనుకుంటారు. సఫారీ చొక్కాను ప్యాంటులోకి దోపరు. అంచు తుంటి కిందికి దిగుతుంది. గుడ్డ మందం, పైగా కింద పెద్ద జేబులు. నడుముకు కట్టుకున్న పిస్టల్ అచ్చు బయటికి పడదు. మే నెలలో పరకాలలో అది తొడుక్కుని మధ్యాహ్నం రెండింటి ఎండలో సభ పక్కన నిలబడితే ఒళ్లు ఉడికిపోతుంది. అయినా వదల్లేకపోయాం, ఆ అంచు కోసం.

నేను ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్‌గా చేరాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం ఉమ్మడి వరంగల్ జిల్లాలో, అందులోనూ పరకాల, శాయంపేట, రేగొండ, భూపాలపల్లి దారుల్లో ప్రజాప్రతినిధుల వెంట గన్‌మన్‌గా గడిచింది. ఎవరి దగ్గర చేశానన్నది చెప్పను. ఆ కట్టుబాటు రిటైరైనంత మాత్రాన పోదు. ఇప్పుడు పరకాలలోనే ఉంటున్నాను. లైసెన్సు వచ్చినవాళ్లు, వస్తుందని ఆశపడుతున్నవాళ్లు ఇంటికొచ్చి అడిగేది ఒకటే: “అన్నా, చిన్నగ, కనబడకుండ ఉండేది ఏది మంచిగుంటది?” తుపాకి పేరు చెబితే పోతారు. కానీ ఆ పేరు చెప్పేలోపు నేను వాళ్ల బెల్టు చూస్తాను, చొక్కా చూస్తాను, అరచెయ్యి చూస్తాను, రోజులో ఎంతసేపు బండి మీద ఉంటారో అడుగుతాను. సగంమందికి విసుగొస్తుంది.

ఈ చూడటం నాకు అబ్బింది ఎదుటివాడు దాచుకున్నది పట్టుకోవాల్సి రావడం వల్ల. పీపుల్స్‌వార్ నక్సలైట్ల రోజుల్లో మా ప్రాంతంలో అసలు భయం యాక్షన్ టీములదే. అడవిలో దళం వేరు, బస్టాండులో యాక్షన్ టీం వేరు. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు, మామూలు చొక్కాలు, భుజాన సంచి. హోటలు దగ్గర చాయ్ తాగుతున్నవాళ్లలో కలిసిపోతారు. ముఖాలు చూసి లాభం లేదని, నడుములు చూడమని మాకు శిక్షణలో చెప్పేవారు. నడుస్తున్నప్పుడు ఒక చెయ్యి ఊగదు. కూర్చుని లేచేటప్పుడు ముంజేయి తెలియకుండానే ఒక పక్కకు తగిలి, ఉందో లేదో చూసుకుంటుంది. కింద పడ్డది తీయాల్సి వస్తే నడుము వంచకుండా మోకాళ్ల మీద దిగుతాడు. గాలికి చొక్కా ఎగిరితే అందరూ వదిలేస్తారు, వీడు పట్టుకుంటాడు. ఇవన్నీ నేర్చుకున్నాక అద్దం ముందు నిలబడి చూసుకుంటే మేమూ సరిగ్గా అవే చేస్తున్నాం. అంటే మమ్మల్ని గుర్తుపట్టడం వాళ్లకూ అంతే తేలిక.

రెండు సంఘటనలు మా తరగతుల్లో పదే పదే వచ్చేవి. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళాన్ని తీర్చిదిద్దిన పోలీసు అధికారి కె.ఎస్.వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో వాకింగ్‌లో ఉండగా కాల్చేశారు. కరీంనగర్ ఎస్పీగా చేసిన ఉమేశ్‌చంద్రను 1999 సెప్టెంబరు 4న ఎస్.ఆర్.నగర్‌లో కారు ఆగిన చోట చుట్టుముట్టారు. ఆయనతో పాటు గన్‌మన్, డ్రైవరు కూడా పోయారు. ఆయుధం లేకుండానే ఆయన కారు దిగి వెంటపడ్డారు. ఈ కథలు చెప్పి మా ఇన్‌స్ట్రక్టర్ వీరత్వం గురించి మాట్లాడేవాడు కాదు. వాకింగ్‌కు వెళ్లే మనిషి వెంట ట్రాక్ ప్యాంటులో వెళ్లే గన్‌మన్ పిస్టల్ ఎక్కడ పెట్టుకుంటాడు, లాస్టిక్ నడుము దాన్ని మోస్తుందా? కారు ముందు సీటులో కూర్చున్నవాడి కుడి తుంటి సీటుకు, డ్రైవరుకు మధ్య ఇరుక్కుని ఉంటే చెయ్యి పిడి దాకా ఎలా వెళ్తుంది? ఇవీ ఆయన ప్రశ్నలు. నిలబడి ఉన్నప్పుడు చక్కగా ఒదిగిన తుపాకి కూర్చోగానే పనికిరాకుండా పోవచ్చు. నేటికీ ఎవరైనా నన్ను సలహా అడిగితే ముందు కుర్చీలో కూర్చోమంటాను.

మాకు ఎంచుకునే భాగ్యం పెద్దగా ఉండేది కాదు. ఆయుధాలు భద్రపరిచే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో ఏది ఇస్తే అదే. మొదట చేతికొచ్చింది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం ఆటో పిస్టల్ 1ఎ. రెండో ప్రపంచయుద్ధంలో కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ చేసిన బ్రౌనింగ్ హైపవర్ దీనికి తల్లి. మ్యాగజైన్‌లో 13 రౌండ్లు, పొడవు 20 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, రౌండ్లు నింపితే కిలో దాటుతుంది. నిక్కచ్చి పిస్టల్, గురి బాగుంటుంది. కానీ దాచుకోవడానికి పుట్టింది కాదు. హ్యామర్ వెనక్కి వచ్చేటప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని కొరికేది. కండగల చేతులవాళ్లు ఫైరింగ్ రోజు సాయంత్రానికి అక్కడ పట్టీ వేసుకుని తిరిగేవాళ్లు. చెమటకు తుప్పు ఇంకో బాధ. ఒంటికి ఆనుకునే వైపు వారం రోజులు నూనెగుడ్డ పెట్టకపోతే గోధుమరంగు చుక్కలు లేచేవి, తనిఖీలో ఆర్‌ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారి చేత మాటలు పడాల్సి వచ్చేది.

తర్వాత గ్లాక్‌లు వచ్చాయి. ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకున్న గ్లాక్ 17లో 17 రౌండ్లు పడతాయి. 1988లో వచ్చిన గ్లాక్ 19 దాన్నే కాస్త కుదించింది, 15 రౌండ్లు. 1994లో వచ్చిన గ్లాక్ 26 మరీ పొట్టిది, 10 రౌండ్లు. కింది చట్రం ప్లాస్టిక్ కాబట్టి ఖాళీ గ్లాక్ 19 అరకిలో మీద ఓ వంద గ్రాములు. తుప్పు గొడవ దాదాపు పోయింది. 17కూ 19కీ తేడా చూస్తే చాలామంది బ్యారెల్ కురచయిందని సంతోషిస్తారు. నిజానికి దాచుకునేవాడికి బ్యారెల్ పొడవుతో పేచీ లేదు, అది ప్యాంటు లోపలికి దిగిపోతుంది. చొక్కాను పొడిచి చూపించేది పిడి. 17 ఎత్తు 138 మిల్లీమీటర్లు ఉంటే 19 ఎత్తు 128కి అటూ ఇటూ. వంగినప్పుడు వీపు మీద మొన తేలుతుందా లేదా అన్నది ఆ ఒక్క సెంటీమీటరు తేల్చేస్తుంది. అక్కడి నుంచి 26కి వెళ్తే ఇంకో రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది గానీ చిటికెనవేలికి చోటుండదు. మూడు వేళ్లతో పట్టుకున్న పిస్టల్ రెండో రౌండుకే చేతిలో తిరుగుతుంది.

చిన్న తుపాకి పేల్చడం తేలిక అన్నది ఈ ఊళ్లో నేను ఎంత చెప్పినా చావని నమ్మకం. బరువు తగ్గితే తన్నుడు పెరుగుతుంది. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం తగ్గితే తప్పు పెద్దదవుతుంది. లెక్క వేసి చూపిస్తాను. సైట్ల మధ్య 150 మిల్లీమీటర్లున్న పిస్టల్‌లో గురి ఒక మిల్లీమీటరు తొలిగితే ఏడు మీటర్ల అవతల రౌండు దాదాపు ఐదు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఆ దూరం వంద మిల్లీమీటర్లే అయితే ఏడు సెంటీమీటర్లు. బల్ల మీద చెయ్యి ఆనించి పేల్చేవాడికే ఇది. గుండె దడదడలాడుతున్నవాడి చేతిలో తొలిగేది ఒక మిల్లీమీటరేనా? మొబిలైజేషన్ శిక్షణలో అందరికన్నా బాగా కొట్టే మా జట్టువాళ్లు కూడా పొట్టి పిస్టల్ ఇస్తే మొదటి మ్యాగజైన్ టార్గెట్ కిందికే పంపేవారు, తన్నుతుందని ముందే మణికట్టు వంచి.

మా పనిలో పెద్ద చర్చ చాంబర్ గురించి, అంటే బ్యారెల్ వెనక రౌండు కూర్చునే చోటు గురించి. రౌండు చాంబర్‌లో పెట్టుకుని తిరగాలా, ఖాళీగా ఉంచి అవసరమైనప్పుడు స్లైడ్ లాగాలా? ఖాళీగా ఉంచడమే మాకు నేర్పిన పద్ధతి, ప్రమాదాలు తక్కువ. కానీ స్లైడ్ లాగడానికి రెండో చెయ్యి కావాలి. గన్‌మన్ రెండో చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండదు, జనాన్ని తోస్తూనో, నాయకుడి భుజం పట్టుకుని వెనక్కి లాగుతూనో ఉంటుంది. గ్లాక్‌కు బొటనవేలితో తిప్పే సేఫ్టీ కూడా లేదు, పైకి కనబడేది ట్రిగ్గర్ మీదే. కాబట్టి గ్లాక్ పెట్టుకునేవాడికి తుపాకి ఎంత ముఖ్యమో హోల్‌స్టర్ అంతకన్నా ముఖ్యం. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ ఉండాలి. నలిగి మెత్తబడ్డ తోలు పౌచ్‌లోకి తుపాకి తోస్తుంటే దాని అంచో, చొక్కా కొనో లోపలికి ముడుచుకుని ట్రిగ్గర్‌ను నొక్కేస్తుంది. ‘తుపాకి శుభ్రం చేస్తుండగా మిస్‌ఫైర్’ అని పేపర్లో చదువుతుంటాం కదా, దానికీ ఒక కారణం ఉంది. గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ తీసేశాం కదా అని చాంబర్ చూడకుండా నొక్కినవాడికి ఒక రౌండు మిగిలే ఉంటుంది.

ఇక మా ఊళ్లో దాచుకోవడం సంగతి. పరకాలలో తుపాకి బాహాటంగా పట్టుకుని తిరగడం నాకు మొదటినుంచీ ఇబ్బందిగా ఉండేది. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగిన ఊరు ఇది. ఆ చనిపోయినవాళ్ల గుర్తుగా ఉన్న అమరధామం దగ్గర కార్యక్రమానికి నాయకులు వచ్చినప్పుడు ముసలివాళ్లు దండలు పట్టుకుని దగ్గరికొస్తారు. వాళ్ల మధ్య కార్బైన్ వేలాడేసుకుని నిలబడటం నా మనసుకు పట్టేది కాదు. అందుకే ఒకరు కార్బైన్‌తో కారు దగ్గర, ఒకరు చొక్కా కింద పిస్టల్‌తో మనిషి దగ్గర ఉండేవాళ్లం.

దసరా నాడు అసలు పరీక్ష. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ అని ఊరు ఊరంతా కౌగలించుకుంటుంది. నాయకుడితో పాటు మమ్మల్నీ వదలరు. కుడి తుంటి మీద పిస్టల్ ఉన్నవాడు ఎడమపక్కకు వాలి కౌగలించుకోవడం నేర్చుకోవాలి, లేకపోతే ఎదుటివాడి మోచేయి దానికి తగిలి “ఏందన్నా ఇది, ఇనుమా?” అని నలుగురిలో అడుగుతాడు. నాభి పక్కన పెట్టుకుంటే చెయ్యి త్వరగా అందుతుంది, నిజమే. కానీ పెళ్లిలో బంతిలో కూర్చుని తినేటప్పుడు పిడి కడుపులోకి, మొన తొడలోకి దిగుతుంది. పొట్ట ఉన్నవాళ్లకు అది కుదరనే కుదరదు, మా బ్యాచ్‌లో నలభై దాటాక ఎవరికీ కుదరలేదు. మేడారం జాతరలో అయితే దాచడంకన్నా కాపాడుకోవడమే పని. ఆ తొక్కిసలాటలో నడుముకు ఎన్ని చేతులు తగులుతాయో లెక్కుండదు. పిస్టల్‌కు ల్యాన్‌యార్డ్ తాడు కట్టుకుని, పైన చెయ్యి వేసి నడిచేవాళ్లం.

లైసెన్సుదారుల కథ వేరు. పోలీసుల 9 ఎంఎం మామూలు పౌరుడికి నిషిద్ధం. అతనికి దొరికేవి .22, .32 లాంటివి. మా వైపు చేతి తుపాకి అంటే చాలామట్టుకు కాన్పూర్ .32 రివాల్వరే. ఆరు రౌండ్లు, పాత వెబ్లీ పద్ధతిలో మధ్యకు విరిచి నింపుకోవాలి. బరువు ముప్పావు కిలోకు కొంచెం తక్కువ. 2014 జనవరిలో దాన్నే టైటానియం మిశ్రమంతో అరకిలోకు తగ్గించి ‘నిర్భీక్’ అని తెచ్చారు, ఆడవాళ్ల పర్సులో పడుతుందని. అప్పట్లో ధర 1,22,360 రూపాయలు. ఆ పర్సు మాట నాకు నచ్చలేదు. రోడ్డు మీద బైకు మీద వచ్చేవాడు ముందు లాక్కునేది పర్సునే. తుపాకి ఒంటి మీద ఉండాలి, సంచిలో ఉన్న తుపాకి సంచిదే. చీర కట్టుకునే ఆమెకు బెల్టు ఉండదు, మరి ఎక్కడ పెట్టుకోవాలన్నది తుపాకి తయారుచేసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. పైగా అంత తేలిక రివాల్వర్, గట్టి ట్రిగ్గర్. 2023 ఆగస్టులో ‘ప్రబల్’ వచ్చింది, సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, నింపుకోవడం సులువు. 50 మీటర్ల దాకా పనిచేస్తుందని గొప్పగా రాశారు. ఆత్మరక్షణకు 50 మీటర్లెందుకు? అంత దూరంలో ఉన్నవాడి నుంచి పారిపోవచ్చు. కోర్టులో లాయరు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే.

చట్టం సంగతి చాలామందికి తలకిందులుగా తెలుసు. లైసెన్సు ఉంటే నడుముకు కనబడేలా పెట్టుకుని తిరగొచ్చనుకుంటారు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకి హోల్‌స్టర్‌లోనో సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. అంటే దాచుకోవడం మన దగ్గర ఇష్టం కాదు, విధి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒకరికి రెండు తుపాకులే, లైసెన్సు ఐదేళ్లు. బరాత్‌లో గాలిలోకి పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆత్మరక్షణ హక్కు ఎంతవరకన్నది భారతీయ న్యాయసంహితలో 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. తుపాకి ధర అడిగేవాళ్లందరూ అవి ఒకసారి చదివితే నా ఇంటికి వచ్చేవాళ్లు సగమైపోతారు.

మా బామ్మర్ది కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి లైసెన్సు లేకుండానే చేతి తుపాకి మోసుకోవచ్చట. “మామా, 365 కొనాలా, గ్లాక్ 19 కొనాలా?” అని వీడియో కాల్ చేశాడు. సిగ్ సావర్ పి365 2018లో వచ్చింది, అరచేతిలో ఇమిడేంతది, అయినా పది రౌండ్లు. నేను తాకి చూసింది కాదు. కాబట్టి “రెండూ అద్దెకు తీసుకుని రేంజిలో ఒకే రోజు పేల్చు అల్లుడా, రెండో పెట్టె రౌండ్లు అయిపోయేసరికి దేంతో నీ చెయ్యి నొప్పి పెట్టలేదో అదే నీది” అన్నాను. తుపాకి కొనకముందు పేల్చి చూసే వీలు వాడికుంది. మనవాళ్లు లక్షకు పైగా పోసి కొన్నాక తప్ప పేల్చి చూడరు. ఆ తర్వాత కూడా రౌండ్లు ఖర్చవుతాయని బీరువాలో పెడతారు.

అలా కాకూడదనే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పెట్రోలు బంకు నడిపే ఒకాయన, రోజూ డబ్బు తీసుకుని బ్యాంకుకు వెళ్లే మనిషి, లైసెన్సు చేతికి రాగానే వచ్చాడు.

“అన్నా, అందరికన్న చిన్నది చెప్పు. పైసలెంతైనా పర్వాలేదు.”

“తుపాకి తర్వాత చూద్దాం తమ్మీ. దుకాణంల తూకపు రాళ్లుంటయి కద. అరకిలోది ఒకటి, రెండు వందల గ్రాములది ఒకటి గుడ్డసంచిల మూటగట్టి కుడిపక్క నడుముకు బెల్టుతోని కట్టుకో. ఒక వారం పొద్దటి నుంచి రాత్రి దాక తియ్యకు. కారుల, బండి మీద, బ్యాంకుల, అన్నం తినేటప్పుడు. అప్పుడు రా.”

వారం కాకముందే వచ్చాడు. బెల్టు మెత్తది, మూడో రోజుకే సాగి ప్యాంటు ఒక పక్కకు జారిందట. బైకు మీద గాలికి చొక్కా ఎగిరి మూట కనబడిందట. కారులో సీటుబెల్టు దాని మీదికే వచ్చిందట. “ఇంటికి రాంగనే తీసి టీవీ పక్కన పెడుతున్న అన్నా” అన్నాడు, మామూలు విషయంలాగా. ఇంట్లో ఎంతమంది పిల్లలని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

తుపాకికన్నా ముందు తాళం పడే ఇనుప డబ్బా కొనిపించాను, గోడకు బోల్టులు వేసి బిగించేది. తర్వాత రెండు పొరల గట్టి తోలు బెల్టు. లోపల దోపేవి మాని ఒక సైజు పెద్ద చొక్కాలు, గళ్లవి. సాదా చొక్కా మీద ఉబ్బు కనబడినంతగా గళ్ల చొక్కా మీద కనబడదు. రివాల్వర్ దగ్గరికొచ్చేసరికి ఆయనే తేలికదాని మాట ఎత్తలేదు. ఏడు వందల గ్రాములు మోయగలనని తెలిసిపోయింది, ఇంకో రెండు వందల గ్రాములు తగ్గించి తన్నుడు పెంచుకోవడం దేనికి? పాత తరహా .32 తీసుకున్నాడు. పిస్టల్ వద్దని నేనే అన్నాను. నెలల తరబడి ముట్టుకోని మనిషికి స్లైడ్, సేఫ్టీ, చాంబర్ అన్నీ సమయానికి గుర్తుండవు. రివాల్వర్‌లో మర్చిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. లావు సిలిండర్ చొక్కా కింద కాస్త ఉబ్బుతుంది, దానికి ఒప్పుకోవాలి. లైసెన్సు ఉన్న రేంజిలో రౌండ్లు ఖర్చుపెట్టాకే బంకుకు పెట్టుకెళ్లమని మాట తీసుకున్నాను.

కొన్నాక కొద్ది నెలలకే ఎన్నికల కోడ్ వచ్చింది. లైసెన్సు ఆయుధాలు డిపాజిట్ చేయాలని స్టేషన్ నుంచి ఫోను. రివాల్వర్, రౌండ్లు అప్పజెప్పి రసీదు తీసుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు.

“అన్నా, యాభై వేలకు మించి పట్టుకపోతె కాగితాలు చూపియ్యాలె. ఇగ ఇది లేకుండ ఎట్ల పోవాలె?”

రోజూ ఒకే టైముకు వెళ్లొద్దన్నాను. ఒక్కసారి పెద్ద మొత్తం కాకుండా రెండుసార్లు చిన్న మొత్తాలు కట్టమన్నాను. బైకు వద్దు, కారులో ఒక కుర్రాణ్ని వెంట పెట్టుకోమన్నాను. బంకు నుంచి బ్యాంకుకు రెండు దారులున్నాయి కాబట్టి మార్చి మార్చి వెళ్లమన్నాను. గన్‌మన్ ఉద్యోగంలో మేం రోజంతా చేసిన పని కూడా ఎక్కువ భాగం అదే, తుపాకి తీసింది ఎన్నడు గనక.

కోడ్ ఎత్తేసి నెల దాటాక బజారులో కనబడ్డాడు. రివాల్వర్ తెచ్చుకున్నావా అని అడిగితే, స్టేషన్‌కు పోవడానికి తీరిక దొరకలేదన్నాడు.